అనుభవజ్ఞులు దరఖాస్తు చేయనవసరం లేదు

శిక్ష అనుభవించి బయటికి వచ్చినవారిని పిలిచి కూర్చోబెట్టి, నేరస్తులను జైలు బయటే ఉంచి అధికారి చేత పర్యవేక్షించే ప్రొబేషన్ సేవలనూ జువైనల్ హోంలనూ ఎలా బాగుచేయాలో చెప్పమని వారినే అడగాలన్న ఆలోచన ఒకటి ఈ మధ్య పెద్దమనుషుల సదస్సుల్లో సైతం వినిపిస్తోంది. ఇప్పుడే అడ్డుకోకపోతే ఇది అమలులోకి వచ్చే ప్రమాదం ఉందని గ్రహించి, బాధ్యత గల పౌరుడిగా నా అభ్యంతరాలనూ, ఎవరి మనసూ నొప్పించని ఒక మధ్యేమార్గాన్నీ ప్రభుత్వం వారి ముందు సవినయంగా ఉంచుతున్నాను.

ఈ పెడధోరణికి ఇంగ్లండులో బాగా ఊతం దొరికింది. మత్తుమందులకు బానిసై, జైలు కూడా చూసివచ్చిన మార్క్ జాన్సన్ అనే వ్యక్తి 2009లో అక్కడ ‘యూజర్ వాయిస్’ అనే సంస్థను స్థాపించి, ఖైదీల చేత ఓట్లు వేయించి, గెలిచినవారిని జైలు అధికారులకు ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించడం మొదలుపెట్టాడు. పద్ధతి ప్రకారం జరిగే సంస్కరణ ఎలా ఉంటుందో అదే దేశపు ప్రభుత్వం 2014లో చేసి చూపించింది. ఏ మచ్చా లేని మంత్రులు, ఏ కేసూ లేని నిపుణులు కలిసి అప్పటిదాకా ఉన్న 35 ప్రొబేషన్ ట్రస్టులను రద్దు చేశారు. పెద్దగా ప్రమాదం లేదనుకున్న నేరస్తుల పర్యవేక్షణను 21 కంపెనీలకు అప్పగించి, మిగిలినవారిని ప్రభుత్వం దగ్గరే ఉంచుకున్నారు. 2021 జూన్ వచ్చేసరికి మొత్తం పనిని మళ్ళీ ప్రభుత్వమే నెత్తికెత్తుకుంది. ఈ ఏడేళ్ళ రాకపోకలకు ఎంత ఖర్చయినా, ఆ ఖర్చు పెట్టినవారిలో ఒక్కడైనా జైలుకు వెళ్ళివచ్చినవాడు కాడన్న తృప్తి ఆ దేశ ప్రజలకు మిగిలింది.

మన చట్టం ఈ విషయంలో మొదటినుంచీ జాగ్రత్తగానే ఉంది. 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం ప్రకారం నేరారోపణ వచ్చిన పిల్లల కేసులు వినే బోర్డులో ఒక మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ. పిల్లల ఆరోగ్యం, విద్య, సంక్షేమం వంటి రంగాల్లో ఏడేళ్ళు చురుకుగా పనిచేసి ఉండటం వారి అర్హతల్లో ఒకటి. నేరం రుజువైన పిల్లలను ఉంచే స్పెషల్ హోంలో మూడేళ్ళు గడిపిన కుర్రవాడికి అది పిల్లల సంక్షేమ రంగంలో అనుభవం కిందికి రాదు, ఎందుకంటే ఆ సంక్షేమం అతనికి జరిగిందే తప్ప అతను చేసింది కాదు. ఇక పెద్దయ్యాక నైతిక పతనానికి సంబంధించిన నేరంలో శిక్షపడినవాడైతే, ఆ తీర్పును పై కోర్టు కొట్టివేయడమో, పూర్తి క్షమాభిక్ష దొరకడమో జరగనంతవరకూ బోర్డు సభ్యత్వానికి పనికిరాడు. ఎన్నేళ్ళు గడిచినా సరే. అదే మనిషి శాసనసభకో లోక్‌సభకో పోటీ చేయాలనుకుంటే మాత్రం, ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం రెండేళ్ళో అంతకు మించో శిక్షపడినవాడు సైతం విడుదలైన ఆరేళ్ళకు దర్జాగా నామినేషన్ వేయవచ్చు. అంటే జువైనల్ జస్టిస్ చట్టాన్ని సవరించడానికి అతనికి అర్హత ఉంటుంది, ఆ చట్టం కింద ఏర్పడిన బోర్డులో కూర్చోవడానికి ఉండదు. కొందరు ఇందులో వైరుధ్యం చూస్తారు. నాకు ఇందులో ప్రాధాన్యాల స్పష్టత కనిపిస్తుంది: చట్టం చేయడం ఎవరైనా చేయగల పని, పిల్లవాడి మాట వినడం అలాంటిది కాదు.

పిల్లవాడి మాటంటే గుర్తుకొచ్చింది. పదహారు దాటి పద్దెనిమిది నిండని పిల్లవాడు ఘోరమైన నేరం చేశాడన్న ఆరోపణ వస్తే, ఆ నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యమూ, దాని పర్యవసానాలు గ్రహించే శక్తీ అతనికి ఉన్నాయో లేవో బోర్డు ప్రాథమికంగా అంచనా వేస్తుంది. అవసరమైతే మనస్తత్వ నిపుణుల సాయం తీసుకుంటుంది. ఉన్నాయని తేలితే పెద్దవాడిలాగే విచారణకు పంపనూవచ్చు. ఇంత పరిణతి ఉందని తేలిన బుర్రను, హోంలో రాత్రిపూట ఏం జరుగుతోంది, చదువు చెప్పడానికి ఎవరైనా వస్తున్నారా అని అడగవచ్చు కదా అని అమాయకులు వాదిస్తారు. శిక్షకు సరిపడే పరిణతి వేరు, సలహాకు సరిపడే పరిణతి వేరు. మొదటిదాన్ని కొలవడానికి నిపుణులు ఉన్నారు, రెండోదాన్ని కొలవాల్సిన అవసరం ఇంతవరకూ ఎవరికీ పడలేదు.

అయినా మన వ్యవస్థ పిల్లల అభిప్రాయాన్ని పూర్తిగా కాదనలేదు. తనకు సంబంధించిన ప్రతి నిర్ణయంలోనూ పాల్గొనే హక్కు పిల్లవాడికి ఉందని చట్టమే మూలసూత్రాల్లో రాసుకుంది, దాన్ని ఆచరణలో పెట్టడానికి 2016 నాటి కేంద్ర నమూనా నియమాలు ప్రతి హోంలోనూ ఒక సలహాల పెట్టె ఉండాలన్నాయి. ఆ పెట్టె ఆఫీసుకు దూరంగా, పిల్లల గదులకు దగ్గరగా ఉండాలి. దాని తాళంచెవి హోం నిర్వహణ కమిటీ అధ్యక్షుడైన జిల్లా బాలల సంరక్షణాధికారి దగ్గర ఉంటుంది; ఆయనో, ఆయన తరఫు మనిషో వారానికొకసారి వచ్చి పిల్లల కమిటీ సమక్షంలో దాన్ని తెరవాలి. నిర్వహణ కమిటీకి సభ్యకార్యదర్శి హోం సూపరింటెండెంటు. కాబట్టి సూపరింటెండెంటు మీద వచ్చిన ఫిర్యాదు మినిట్సులోకి ఎక్కేటప్పుడు అందులో అక్షరదోషాలు ఉండవు, ఆవేశమూ ఉండదు, అదృష్టం బాగుంటే ఫిర్యాదు కూడా ఉండదు. దొంగ చేతికి తాళాలిస్తారా అని అడిగేవారికి ఇంతకంటే నిక్కమైన జవాబు మరొకటి లేదు: తాళం ఎవరి చేతిలో ఉండాలో మన నియమాలు ముందే రాసిపెట్టాయి.

నిజానికి ఆ సామెత మనకు ఎక్కడ వర్తిస్తుందో, ఎక్కడ వర్తించదో తేల్చుకోవలసి ఉంది. తెలంగాణ జైళ్ళ శాఖ పెట్రోలు బంకులు నడుపుతోంది; వాటిలో ఖైదీలూ, విడుదలైనవారూ పనిచేస్తున్నారు. అక్కడ బండి ఆపి, నోట్లు వారి చేతికిచ్చి, చిల్లర లెక్కపెట్టుకోకుండానే వెళ్ళిపోయేవారిలో నేనూ ఒకణ్ణి. వారి చేతికి పెట్రోలు ఇవ్వవచ్చు, డబ్బు ఇవ్వవచ్చు, మైకు మాత్రం ఇవ్వకూడదు. జైలు గురించి అభిప్రాయం చెప్పే అర్హత కావాలంటే దానికి వేరే దారి ఉంది. 1796లో కట్టిన సంగారెడ్డి పాత జైలును మ్యూజియంగా మార్చి, 2016లో అక్కడ ఒక పథకం పెట్టారు. 500 రూపాయలు కట్టినవారు ఖైదీ బట్టలు వేసుకుని, జైలు తిండి తిని ఒక రోజంతా లోపల ఉండవచ్చన్నారు. మర్నాడు బయటికి వచ్చినవారిని విలేకరులు చుట్టుముట్టి అనుభవం ఎలా ఉందని అడుగుతారు. చర్లపల్లిలో పదేళ్ళున్నవాడు గేటు దాటి వస్తే అడిగేది ఆటోవాడొక్కడే, ఎక్కడికి వెళ్ళాలని. డబ్బు కట్టనివాడి అభిప్రాయానికి విలువేముంటుంది?

అడిగితే వారు ఏం చెబుతారో ఊహించడం కష్టం కాదు, అసలు భయమంతా అక్కడే ఉంది. ప్రొబేషన్ అధికారి దగ్గర హాజరు వేయించుకోవడానికి పనివేళల్లో రమ్మంటే ఆ రోజు కూలి పోతుందనీ, మేస్త్రీ రెండోసారి పనిలోకి పిలవడనీ చెబుతారు. పిల్లవాణ్ణి బోర్డు ముందు హాజరుపరిచిన 15 రోజుల్లో ఇవ్వాల్సిన, అతని ఇంటి పరిస్థితులు తెలిపే సామాజిక పరిశోధన నివేదిక కోసం ఇంటికి వచ్చిన అధికారి, లోపలికి రాకముందే వీధి చివరి కిరాణా కొట్టులో వివరాలు అడిగితే, నివేదిక బోర్డుకు చేరేలోపే తీర్పు వాడకట్టంతా వెలువడిపోతుందని చెబుతారు. పిల్లల దగ్గరికి పోలీసులు మామూలు బట్టల్లో రావాలని నియమం ఉందని గుర్తుచేస్తారు. ఇలాంటి సూచనల్లోని లోపం ఏమిటంటే, వీటిని రేపు ఉదయమే, పైసా ఖర్చు లేకుండా అమలు చేయవచ్చు. టెండరు పిలవనక్కరలేదు, సలహా సంస్థను నియమించనక్కరలేదు, స్టార్ హోటల్లో రెండు రోజుల కార్యశాల పెట్టనక్కరలేదు. దేనికీ నిధులు విడుదల చేయనక్కరలేని సంస్కరణను సంస్కరణ అని ఏ శాఖ ఒప్పుకుంటుంది?

నేరస్తుడు మారగలడన్న మాట నేను కాదనడం లేదు. 1977లో, అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళిన గియాసుద్దీన్ కేసులోనే జస్టిస్ కృష్ణయ్యర్ నేరాన్ని ఒక రుగ్మతగా చూసి, నేరస్తుణ్ణి సాధారణంగా బాగుచేయవచ్చని రాశారు. అప్పటికి దాదాపు ఇరవై ఏళ్ళ ముందే, 1958లో, ప్రొబేషన్ చట్టం వచ్చింది. ఇన్ని దశాబ్దాలుగా మనుషులను బాగుచేస్తున్నామని ప్రతి వార్షిక నివేదికలోనూ రాసుకుంటున్నాం. బాగైనవాడు తన చోటు తెలుసుకుని మసలుకోవాలన్నదే నా విన్నపం.

అందుకే నా మధ్యేమార్గం. ప్రతి జిల్లాలోనూ సలహా సంఘంలో ఒక స్థానాన్ని బాల్యంలో ఈ వ్యవస్థ గుండా వచ్చినవారికి కేటాయించాలి. సమావేశంలో వారికి ఐదు నిమిషాలు ఇవ్వాలి. అందులో నాలుగు నిమిషాలు పశ్చాత్తాపానికి, ఒక నిమిషం ధన్యవాదాలకు. తరువాత శాలువా, పూలగుచ్ఛం, ఫొటో. గుర్తింపు బయటపెట్టకూడదని చట్టం చెబుతోంది కాబట్టి ఫొటోలో వారి ముఖాన్ని మసకబరచాలి, ముఖ్య అతిథిది స్పష్టంగా కనిపించాలి. దరఖాస్తుతో పాటు, తాను నిజంగానే ఒకప్పుడు బాలనేరస్తుణ్ణని పోలీస్ స్టేషన్ నుంచి ధ్రువపత్రం జతచేయాలి. ముగిసిపోయిన కేసులో పిల్లవాడి రికార్డును ధ్రువపత్రాల కోసమైనా, మరెందుకైనా పోలీసులు బయటపెట్టకూడదని ఇదే చట్టంలోని 74వ సెక్షన్ నిషేధిస్తోంది. పాత రికార్డులను చెరిపివేయాలన్నది కూడా ఈ చట్టపు మూలసూత్రాల్లో ఒకటి. కనుక ఎవరికీ ధ్రువపత్రం దొరకదు, ఎవరినీ కాదన్నామన్న అపవాదు శాఖకు రాదు, ఆ స్థానం చట్టబద్ధంగానే ఖాళీగా ఉంటుంది. అది ఖాళీగా ఉన్నంత మాత్రాన కోరం లేదని ఎవరూ అభ్యంతరం చెప్పకుండా ముసాయిదాలో ఒక ఉపనిబంధన కూడా చేర్చాను.