17 డిగ్రీల అల్లుడు

బరంపురంలో మా మావయ్యగారికి ఒక అంబాసిడర్ ఉంది. మార్క్ 4. కంపెనీ ఆ కార్లు తయారు చేయడం 2014లోనే మానేసింది గానీ, ఈయన రోజూ తుడవడం మానలేదు. మా మరదలి పెళ్లికి పెళ్లికొడుకుని అందులోనే తీసుకురావాలని పట్టు. బాడీకి రంగు ఆయనే వేయించారు. బానెట్ కింది సామాన్ల బాధ్యత నేను నెత్తినేసుకున్నాను. ఎవరూ అడగలేదు.

ఇంజన్ వేడిని బయటికి పంపే రేడియేటర్‌కి బ్రష్షుతో కాస్త నల్లరంగు పూస్తే చాలన్నారు మావయ్యగారు. "ఈ రోజుల్లో కూడా బ్రష్షేంటండీ!" అన్నాను. ఆ డైలాగు మా ఇంట్లో ఇప్పటికీ వాడుకలో ఉంది.

రేడియేటర్‌నీ హారన్ బ్రాకెట్‌నీ ఆటోలో వేసుకుని పౌడర్ కోటింగ్ షాపుకి వెళ్లాను. అక్కడ పొడి రంగుకి కరెంటు చార్జి ఇచ్చి గన్‌తో చల్లుతారు. అప్పడాల కర్రకి పిండి పట్టినట్టు అది లోహాన్ని పట్టుకుంటుంది. తర్వాత 200 డిగ్రీల ఓవెన్‌లో ఓ పావుగంట కాలుస్తారు. కుర్రాడు రేడియేటర్‌ని పై ట్యాంకు మెడ దగ్గర కొక్కేనికి తగిలించాడు. "దీనికేం కాదుగా?" అన్నాను.

"సొబు ఠిక్, ఆజ్ఞా!" అన్నాడు ఒడియాలో. అంతా బాగానే ఉందండీ అని.

నిశ్చింతగా టీకి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి ఓవెన్ తలుపు బార్లా తీసి ఉంది. కొక్కేనికి పై ట్యాంకు ఒక్కటే వేలాడుతోంది, నిగనిగలాడుతూ. మిగతా రేడియేటర్ కింద చతికిలబడి ఉంది. దాని చుట్టూ వెండి పూసల్లా చుక్కలు. కుర్రాడు నా వంక చూశాడు. నేను బ్రాకెట్ వంక చూశాను. దానికి ఈక కూడా ఊడలేదు.

రెండు ముక్కల్నీ గోనెసంచిలో వేసుకుని రేడియేటర్లు బాగుచేసే తాత దగ్గరికి పరిగెత్తాను.

"మాటేసిన సామాన్ని పొయ్యిలో ఎట్టీసినావేటి బాబూ?" అన్నాడాయన.

మాటేయడమంటే టంకంతో అతకడం. రాగి, ఇత్తడి ముక్కల్ని తగరం, సీసం కలిపిన టంకంతో అతికిస్తేనే ఆ రేడియేటర్. ఆ టంకం 183 డిగ్రీల దగ్గరే మెత్తబడడం మొదలెడుతుంది. బ్రాకెట్‌ది ఇత్తడితో బ్రేజింగ్ చేసిన అతుకు, అది కరగాలంటే ఇంచుమించు 900 డిగ్రీలు కావాలి. అంటే నా పరువు పోయింది 17 డిగ్రీల తేడాలో.

"పోనీ, అతుకు నిలబడిందే అనుకో. రెక్కల మీద అంత మందం పూతేస్తే వేడి ఎలగ పోద్ది?" అని తాత ఇంకోటి తగిలించాడు.

ఆయన పూతంతా గీకి, మళ్లీ మాటేసి, పల్చగా నల్లరంగు కొట్టాడు. బ్రష్షుతోనే.

పెళ్లికొడుకు అంబాసిడర్‌లోనే దిగాడు. మావయ్యగారు నన్ను ఒక్క మాట అనలేదు. అల్లుణ్ణి కదా! కాకపోతే, నేను బరంపురం వస్తున్నానని తెలిస్తే చాలు, అత్తయ్యగారు అడుగున మాటేసిన వాళ్లమ్మగారి ఇత్తడి గంగాళాన్ని లోపలి గదిలో పెట్టి తాళం వేస్తున్నారు.