నానీ ట్రాప్ గారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ నానీ ట్రాప్ గారికి,
అమ్మ గది పక్క బాత్రూమ్, ఈశాన్యం మూల,
నంద్యాల.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా తడిగా ఉన్నాం. అక్కడ తమరు పొడిగా ఉన్నారని రోజూ కళ్ళారా చూస్తూనే ఉన్నాం.

ఈ ఉత్తరం రాసే సమయానికి ఉదయం ఏడున్నర. అమ్మ స్నానం అయి అరగంట దాటింది. సబ్బు నురగతో సహా నీళ్ళు కమోడు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, దక్షిణం గోడ దగ్గర మడుగు కట్టి, మిగిలినవి వాకిలి దాకా వచ్చి లోపలికి రావచ్చా అన్నట్టు నిలబడ్డాయి. నేల మీది నీళ్ళన్నీ మింగి పైపులోకి పంపాల్సిన తమరు మాత్రం స్టీలు జాలీ కిరీటం పెట్టుకుని, గదిలో అన్నిటికన్నా ఎత్తైన చోట కొలువై ఉన్నారు. తమరి మీద ఒక్క చుక్క లేదు. నేను వైపర్ పట్టుకుని నీళ్ళను గొర్రెల్ని తోలినట్టు తమరి సన్నిధికి తోలుతున్నాను. సగం దారి వచ్చి వెనక్కి తిరుగుతున్నాయి.

తమరి అసలు పేరు నహానీ ట్రాప్ అని తరవాత తెలిసింది. హిందీలో నహానా అంటే స్నానం చేయడం కదా, దానికి చుట్టమైన పేరు. మా ప్లంబరు నోట్లో పడి నానీ అయ్యారు. ట్రాప్ అనే ముక్క మాత్రం అరగకుండా మిగిలింది. చిక్కుకున్నది నేను కాబట్టి ఆ ముక్క మీద నాకు అభ్యంతరం లేదు.

మిమ్మల్ని ఈ ఇంటికి ఎందుకు తెచ్చుకున్నామో గుర్తుచేస్తాను. పోయిన ఏడు అమ్మ పెరటి బాత్రూముకు వెళ్తూ రెండో మెట్టు మీద జారింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసిన డాక్టరు, ఇకమీదట మెట్టు ఎక్కకూడదు, దిగకూడదు, గడప కూడా దాటకూడదు అన్నాడు. చక్రాల కుర్చీ మంచం దగ్గర నుంచి నేరుగా నీళ్ళ కిందికి వెళ్ళాలి. అందుకని ఆమె గది పక్కనున్న గింజల కొట్టును బాత్రూము చేశాం. వాకిలి కింద గ్రానైట్ పట్టీ లేదు, గాజు తలుపు లేదు, తొట్టి లేదు. గదంతా ఒకటే నేల, ఆ నేలకంతా తమరే దిక్కు.

ఇంగ్లండులో ఉన్న మా మేనల్లుడు ఫోన్లో సంగతి విని, "మామా, దాన్ని ఇక్కడ వెట్ రూమ్ అంటారు" అన్నాడు. నడవలేని పెద్దవాళ్ళకు ఇలాంటిది కట్టుకోవడానికి అక్కడ అర్హతను బట్టి 30,000 పౌండ్ల దాకా ప్రభుత్వ సాయం ఉందట. అంతకన్నా నాకు కడుపు మండించిన మాట ఇంకోటి చెప్పాడు. అక్కడ నేలకు వాటం, అంటే నీళ్ళు పారే వాలు, బేల్దారి మేస్త్రీ పెట్టక్కర్లేదట. నాలుగు వైపుల నుంచీ డ్రైను వైపుకు వాలి ఉన్న పలకను ఫ్యాక్టరీలోనే తయారుచేసి అట్టపెట్టెలో పంపిస్తారట. ప్రపంచంలో వాటం కూడా పార్సిల్లో వస్తుందని నాకు యాభై రెండేళ్ళకు తెలిసింది.

స్పీకర్లో ఇదంతా విన్న అమ్మ, "అంటే మన జాలాడేగా. దానికీ ఇంగ్లీషు పేరు పెట్టినారా?" అంది.

జాలాడి అంటే తమరికి తెలియదు కాబట్టి చెప్తాను. మా జేజి (అవ్వ) కాలంలో ఇంట్లోనే ఒక మూల, మూడడుగుల నాపబండ, గోడ అడుగున పిడికిలి పట్టేంత తూము. అంతే. స్నానం అక్కడే, అంట్లు అక్కడే, బియ్యం కడగడం అక్కడే. నీళ్ళు తూములోంచి బయటి కరివేపాకు చెట్టు పాదులోకి పోయేవి. బేతంచర్ల నుంచి బండి మీద వచ్చిన ఆ రాతిని పరిచినవాడి దగ్గర రసమట్టం ఉందో లేదో కూడా అనుమానమే. చెంబుడు నీళ్ళు పోసి, అవి ఎటు పోతున్నాయో చూసి, రాయి కింద ఇంకో గుప్పెడు మన్ను దోపి ఉంటాడు. తర్వాత మాకు నాగరికత వచ్చింది. జాలాడి మీద సిమెంటు పోసి, తూముకు ఇటుక అడ్డం పెట్టి, ఆ చోటును గింజల కొట్టు చేసుకున్నాం. ఇప్పుడు అదే చోట బోలెడంత డబ్బు పోసి మళ్ళీ జాలాడి కడుతున్నామని పని సగం అయ్యేదాకా ఎవరికీ తట్టలేదు.

ఆ పని గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. మాది పాత మిద్దె. పైన దూలాల మీద చౌడు మన్ను, గోడలు రెండడుగుల మందం, రాయీ మట్టీ. పైపు కోసం అంగుళమున్నర గాడి కొట్టమంటే, కుర్రాడు సుత్తి వేసిన మూడో దెబ్బకు గుమ్మడికాయంత రాయి ఊడి వాడి చెప్పు మీద పడింది. దాని వెనక ఎర్రమన్ను, మన్నులో చీమలు. ఒక్క కుళాయికి గోడలో కిటికీ అంత బొక్క పడింది.

తరవాత వాస్తు ఆయన వచ్చాడు. ఇంటి నేల మొత్తం పుట్టినప్పటి నుంచీ దక్షిణానికి, వీధి కాలవ వైపుకు వాలి ఉంది. ఆయన మాత్రం బాత్రూము నీళ్ళు ఈశాన్యానికే పోవాలన్నాడు. నీళ్ళను అడిగారా అని నేనడగలేదు. తమరి పట్టాభిషేకం అలా ఈశాన్యంలో జరిగింది.

టైల్స్ కొట్లో మరో మలుపు. ఆరడుగుల గదికి అంగుళం వాటం చాలు, కానీ ఆ అంగుళం నాలుగు వైపుల నుంచీ రావాలంటే చిన్న టైలు కావాలి. అడుగు టైలు, గరుకుది, కాలు జారనిది. ఇది నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు మా ఆవిడకూ నాకూ నచ్చింది రెండడుగులకు నాలుగడుగుల పలక. చల్లగా, అద్దంలా ఉంది. అంత పలకను నాలుగు వైపులకూ వాల్చాలంటే మూలల నుంచి ఏటవాలుగా కోయాలి. కోస్తే అందం పోతుందన్నాం. అందం అలాగే ఉంది. అందులో నీళ్ళు కూడా అలాగే ఉన్నాయి. అమ్మ జారుతుందేమోనన్న టెన్షన్‌తో ఇప్పుడు దాని మీద రబ్బరు చాప పరిచాం కాబట్టి ఆ అందం కూడా కనబడదు.

వాటర్‌ప్రూఫింగ్ పూత వేశాక డ్రైను మూసి కనీసం ఒక రోజంతా నీళ్ళు నిలబెట్టి, ఎక్కడైనా దిగుతున్నాయేమో చూడాలి. మా బేల్దారి భోజనానికి వెళ్తూ నిలబెట్టాడు, తిని వచ్చి తీసేశాడు. బాగానే తిన్నట్టున్నాడు, గంటన్నర పట్టింది.

టైల్స్ వేసిన రోజు సాయంత్రం పక్కింటి పిల్లవాడి దగ్గర గోలీ అడిగి తెచ్చాను. తమరికి రెండు జానల దూరంలో, వేలితో తాకీ తాకనట్టు వదిలాను. ఒక క్షణం ఆలోచించింది. తరవాత తమరికి వీపు తిప్పి, కమోడు పక్కగా మెల్లగా మొదలై, టైలు టైలుకీ జోరు పెంచుకుంటూ దక్షిణం గోడకు టక్కున కొట్టుకుని, అక్కడి నుంచి వాకిలి దాటి అమ్మ మంచం కిందికి పోయింది. మంచం మీది నుంచి అమ్మ, "ఏందిరా అది?" అంది. "వాటం చూస్తున్నామ్మా" అన్నాను.

బేల్దారిని పిలిచి చూపించాను. గోలీని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, తప్పు దానిదే అన్నట్టు చూశాడు. "వాటం పెట్టినా సార్. కొత్త గచ్చు కదా, నాలుగు దినాలు పోతే నీళ్ళే దారి చూసుకుంటాయి" అన్నాడు.

నేను అతన్ని అనవసరంగా తిట్టుకున్నాను. నీళ్ళు నిజంగానే దారి చూసుకున్నాయి.

పోయిన ఆదివారం దక్షిణం గోడ దగ్గరి మడుగు దానంతట అదే మాయమైంది. వైపర్ పెట్టకముందే. సంబరపడి తమరి దగ్గరికి వచ్చి చూశాను. తమరు ఎప్పట్లాగే పొడి. అనుమానం వచ్చి ఇల్లు చుట్టి బయటికి వెళ్తే, కరివేపాకు పాదులో సబ్బు నురగ. టైలు కింద, సిమెంటు కింద, ఇటుక సందుల్లోంచి నీళ్ళు జేజి తూమును వెతికి పట్టుకున్నాయి. ముప్పై ఏళ్ళుగా మూసి ఉన్న దారి.

కాబట్టి అయ్యా, ఆ గోడ అడుగున రెండు టైల్సు తీసి, ఆ తూములో పైపు పెట్టి, దానికి మీ తమ్ముడు ఒకరిని బిగిస్తున్నాం. ఈసారి నీళ్ళు ఒక రోజంతా నిలబెడతాం, బేల్దారి భోజనం ఇక్కడే. వాస్తు ఆయనకు చెప్పలేదు. తమరు కూడా చెప్పకండి.

తమరిని పీకెయ్యడం లేదు. అయితే ప్లంబరు ఒక షరతు చెప్పాడు. తమరి గొంతులో ఎప్పుడూ రెండంగుళాల నీళ్ళు నిలిచి ఉండాలట, ఆరిపోతే సెప్టిక్ ట్యాంకు వాసనా బొద్దింకలూ పైకి వస్తాయట. ఇక నీళ్ళు తమంతట తాము తమరి దగ్గరికి రావు కాబట్టి, ప్రతి శనివారం ఒక చెంబు తెచ్చి తమరికి పోసే బాధ్యత నాకు పడింది.

ఇట్లు,
తమరి విధేయుడు,
వైపర్ హస్తుడు

తా.క.: గోలీ ఇంకా దొరకలేదు. పిల్లవాడు రోజూ వచ్చి అడుగుతున్నాడు.