సీ డ్రైవ్ నిండితే యూజర్ ఫోల్డర్‌నే పెకలిస్తారా?

సీ డ్రైవ్ ఎర్రగీత చూపించడం ఆలస్యం, విండోస్‌లో మన ఫైళ్లు, సెట్టింగులు ఉండే యూజర్ ఫోల్డర్‌ను మొత్తంగా డీ డ్రైవ్‌కు మార్చేయండంటూ ఎవరో ఒకరు వాట్సాప్ గ్రూపులో వీడియో లింకు పడేస్తారు. రిజిస్ట్రీ ఎడిటర్ (విండోస్ లోపలి సెట్టింగులు మార్చే సాధనం) తెరవండి, ప్రొఫైల్‌లిస్ట్‌లోకి వెళ్లండి, ఆ ఫోల్డర్ చోటు రాసి ఉండే ప్రొఫైల్ ఇమేజ్ పాత్‌లో సీ తీసేసి డీ పెట్టండి, రీస్టార్ట్ చేయండి. అంతేనట! దండం పెడతాను, ఆ జోలికి పోకండి. పాత్‌లో ఒక్క అక్షరం తప్పినా, పర్మిషన్లు సరిగ్గా కాపీ కాకపోయినా, లాగిన్ అవగానే టెంపరరీ ప్రొఫైల్ తెరుచుకోవచ్చు. డెస్క్‌టాప్ మొత్తం ఖాళీ. ఫైళ్లు డిస్కులోనే ఉంటాయి గానీ, ఆ టెన్షన్‌లో ఆ సంగతి ఎవరికి తడుతుంది? పక్క గదిలోకి సామాను మార్చమంటే గోడలు పీక్కెళ్లినట్టుంది ఈ సలహా.

వాడేవాళ్లను మాత్రం నేను అనను. విండోస్ ఉండే వేగమైన డిస్క్ ఎస్ఎస్‌డీ చూస్తే 128 లేదా 256 జీబీ, పక్కన 1 టీబీ హార్డ్ డిస్క్ ఖాళీగా. అయినా మన సరుకంతా సీలోనే పడుతుంది. ఆ సరుకుండే ఫోల్డర్‌ను విండోస్ ఎక్స్‌పీలో డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ అనేవారు, 2007లో విస్టా వచ్చాక యూజర్స్ అన్నారు. పేరు మారింది, బుద్ధి మారలేదు. లినక్స్‌లో అయితే హోమ్‌ను, అంటే అక్కడి యూజర్ ఫోల్డర్లను, ఇన్‌స్టాల్ చేసేటప్పుడే వేరే పార్టిషన్‌లో పెట్టుకోవచ్చు. విండోస్‌లోనూ ఆన్సర్ ఫైల్‌తో (ఇన్‌స్టాల్ సెట్టింగులు ముందే రాసిపెట్టే ఫైలు) ప్రొఫైళ్ల చోటు, అంటే యూజర్ ఫోల్డర్ల చోటు, మార్చే దారి ఉంది. కానీ అలా వేరే డ్రైవ్‌కు పంపితే తర్వాతి వెర్షన్లకు అప్‌గ్రేడ్ అవదని మైక్రోసాఫ్టే రాసిపెట్టింది. మరి ఆ దారి ఎవరి కోసమో!

చేయాల్సింది చాలా చిన్న పని. డాక్యుమెంట్స్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, లొకేషన్ ట్యాబ్, మూవ్. డౌన్‌లోడ్స్, పిక్చర్స్, వీడియోస్‌కీ అంతే. ముందు బ్యాకప్ తీసుకోండి. వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ) బ్యాకప్ ఆన్‌లో ఉంటే ఆ ఫోల్డర్లు అప్పటికే దాని కింద ఉండవచ్చు, చూసుకోండి. ఇంకొకటి, డీలో ప్రతిదానికీ విడిగా ఒక ఫోల్డర్ చేసి దానికే పంపండి. నేరుగా డీ డ్రైవ్‌నే చూపిస్తే డ్రైవ్ మొత్తం డాక్యుమెంట్స్ అయి కూర్చుంటుంది, వెనక్కి తేవడానికి తల ప్రాణం తోకకొస్తుంది.

యూజర్ ఫోల్డర్‌లోనే యాప్‌లు తమ డేటా దాచుకునే యాప్‌డేటాను మాత్రం కదపకండి. హార్డ్ డిస్క్ మీదికి తోస్తే బ్రౌజర్ దగ్గర్నుంచి అన్నీ నత్తనడక నడుస్తాయి. అసలు నా కోపమంతా ఆ ఫోల్డర్ మీదే. సాఫ్ట్‌వేర్ చేసే ప్రతివాడూ కాష్, లాగ్‌లు, పాత ఇన్‌స్టాలర్లు అడక్కుండా అందులో కుక్కి పోతాడు. ఎక్కువ యాప్‌లు ఆ చోటు మార్చుకోనివ్వవు కూడా. ఆటలమ్మే స్టీమ్ ఆటల లైబ్రరీని ఏ డ్రైవ్‌లో కావాలంటే ఆ డ్రైవ్‌లో పెట్టుకోనిస్తుంది. మిగతావాళ్లకు ఏం రోగం?