‘మద్రాసు మనదే’ నినాదం గారికి

అయ్యా,

నమస్కారం. డెబ్బై ఏళ్ళు దాటినా మీ గొంతు ఇసుమంత తగ్గలేదు. పొట్టి శ్రీరాములు గారు ఆంధ్ర రాష్ట్రం కోసం 1952లో ఇదే ఊళ్ళో ప్రాణం ఇచ్చారు. ఆయన జోలికి నేను రాను. నా పేచీ మీతోనే.

మొన్న మా బావగారు నెల్లూరు నుంచి పట్టుచీరలకని వచ్చారు. కారు టి. నగర్‌లోని పానగల్ పార్కు దగ్గర ఆగిందో లేదో, ఆయన నోట్లోంచి మీరు దిగారు. “పానగల్లు రాజా ఎవరనుకున్నావ్? మనవాడు!” నిజమే, ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ ప్రీమియర్‌గా చేసిన ఆ రాజా, పానగంటి రామరాయనింగారు, మనవారే. అక్కడి నుంచి దామెర్ల చెన్నప్ప నాయకుడి దాకా వెళ్ళి, ఆయన పేరు మీద వచ్చిన చెన్నపట్నం అన్న ఊరి పేరు కూడా మనదేనని తేల్చి, ఆకలేస్తోందన్నారు.

ఇంత ఆస్తిపరుడు కదా అని, భోజనాలయ్యాక కాలేజ్ రోడ్డుకి తీసుకెళ్ళాను. ఆ పేరులోని కాలేజీ 1812లో పెట్టిన ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ. కంపెనీ కుర్ర దొరలు అక్కడ కూర్చుని మన గుణింతాలతో కుస్తీ పట్టేవాళ్ళు. 1817లో వచ్చిన సి.పి. బ్రౌన్ కూడా. ఆ 1812లోనే పుట్టిన మద్రాస్ లిటరరీ సొసైటీ లైబ్రరీ ఇప్పుడు ఆ రోడ్డు మీదే, ఎర్రటి పాత భవనంలో ఉంది. తెలుగు భాషాసాహిత్యాల మీద బ్రౌన్ రాసిన పెద్ద వ్యాసం అచ్చయింది ఆ సొసైటీ పత్రికలోనే.

లోపల అరలు తల పూర్తిగా వెనక్కి వాలిస్తే గానీ కనపడనంత ఎత్తు. 1619లో అచ్చయిన అరిస్టాటిల్ గ్రంథం కూడా ఉందని చెప్పాను. బావగారు అరల ముందు నిలబడి నాలుగు ఫొటోలు తీయించుకున్నారు, ఒకటి ఏదో పుస్తకం చదువుతున్నట్టు. తర్వాత మెల్లగా అడిగారు: “ఇదీ మనదేనా?”

“చందా కట్టి మెంబరైతే మనదే. పుస్తకం ఇంటికి కూడా పట్టుకెళ్ళొచ్చు” అన్నాను.

అయ్యా, అంతసేపూ మోగిన మీరు అక్కడ చప్పున ఎక్కడికి పోయారు? లైబ్రరీ కదా, మౌనం పాటించారని సరిపెట్టుకుందామంటే బయట కారులో కూడా పలకలేదు. చిరిగిన పాత పుస్తకాన్ని దత్తత తీసుకుని బాగుచేయించే ఏర్పాటు కూడా ఉందక్కడ. ఊరు మొత్తాన్నీ దత్తతకు రెడీగా ఉన్నవారికి ఒక్క పుస్తకం బరువైందా?

“వచ్చేసారి చేరదాంలే” అన్నారు బావగారు. ఎగ్మూరు మీదుగా వెళ్తూ 1896 నాటి కన్నెమెరా లైబ్రరీ చూపించగానే మీకు మళ్ళీ గొంతొచ్చింది. “ఇది కూడా మన ఉమ్మడి మద్రాసుదేగా!”

ఆయన శ్రావణమాసంలో మళ్ళీ వస్తారట, వరలక్ష్మీ వ్రతం చీరలకి. అప్పుడు మీరే ఒక ఫారం నింపుకుని రండి. పేరు రాయాల్సిన చోట మనవాళ్ళందరి తరఫునా మీ పేరే రాసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. చందా ఎవరు కట్టాలో మాత్రం ముందే టి. నగర్‌లో తేల్చుకుని బయల్దేరండి.

ఇట్లు,
మనదైన ఈ ఊళ్ళో అద్దెకుంటున్న ఒక తెలుగువాడు