పడమటి కిటికీకి తెర బయట ఉండాలి

ఎండను బట్టి వాటంతటవే దిగే కిటికీ తెరలు, వెలుతురును బట్టి తగ్గే దీపాలు కరెంటు ఆదా చేస్తాయని ఒక వ్యాసంలో రాశారు. నిజమే. కానీ తెర ఎక్కడ ఉండాలన్నదే అసలు సంగతి! విజయవాడలో మా ఆఫీసుకు పడమటి వైపంతా అద్దమే. మే నెల మధ్యాహ్నం లోపలి తెర దించేసరికే వేడి అద్దం దాటి వచ్చేసి ఉంటుంది. పైగా గది చీకటైందని లైట్లన్నీ వేస్తాం. గుంటూరులో మా తాతగారు వసారాకు బయటే వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారు, ఎండ గోడను తాకేదే కాదు. తెర దానంతటదే దిగేలా మోటారు పెట్టదలిస్తే ముందు బయటి తెరకే పెట్టాలి. కిటికీ పక్కనున్న దీపాల వరుసకు వెలుతురును పసిగట్టే సెన్సర్, వైరింగ్ విడిగా ఉండాలి. గదికంతటికీ ఒకే స్విచ్ అయితే వెలుతురున్న చోటా దీపాలు వెలుగుతూనే ఉంటాయి. కొత్త భవనాలు కట్టేవారు దయచేసి ఇది ప్లాను దశలోనే ఆలోచించాలి.