పిల్లల వార్డుకు పెద్ద, పెద్దల వార్డుకు చిన్న

మా అక్క కూతురికి మోకాలి నొప్పి మొదలయ్యేనాటికి 16 ఏళ్లు. ఆటల్లో బెణికి ఉంటుందనుకున్నాం. ఎదిగే వయసులో నొప్పులు మామూలేనని సర్దిచెప్పినవాళ్లూ ఉన్నారు. రాత్రిళ్లు నిద్రలోంచి లేచి, మోకాలు రెండు చేతులతో పట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాకే మాకు భయం పట్టుకుంది. ఎక్స్‌రే, ఎంఆర్ఐ, బయాప్సీ అన్నీ అయ్యాక ఆస్టియోసార్కోమా, అంటే ఎముక క్యాన్సర్ అని తేలింది. డాక్టరు గారు చికిత్స వివరమంతా మా బావకు చెప్పారు. పిల్ల పక్క కుర్చీలోనే ఉంది. డాక్టరు గారు దానివైపు తిరిగి అన్నది ఒక్కటే మాట, "ధైర్యంగా ఉండాలి తల్లీ" అని. బయటికొచ్చాక అది నా చెయ్యి పట్టుకుని అడిగింది. "మావయ్యా, కాలు నాది కదా! మరి నాతో ఎందుకు మాట్లాడలేదు?"

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇన్నాళ్లు దాని మంచం పక్కన కూర్చున్నాక నాకు అర్థమైంది ఇది: ఈ వయసు పిల్లల చుట్టూ ఉన్నవాళ్లం అందరం, వైద్యులూ, దాతలూ, ఇంట్లోవాళ్లూ, వాళ్ల గురించి మాట్లాడతాం గానీ వాళ్లతో మాట్లాడం.

ఎముకలు చకచకా పెరిగే ఏళ్లలోనే ఆస్టియోసార్కోమా ఎక్కువగా వస్తుంది, అదీ మోకాలి చుట్టుపక్కలే. అందుకే ఆటలో తగిలిన దెబ్బని పొరబడడం అంత తేలిక. వ్యాధి బయటపడ్డాక పిల్లను ఎక్కడ ఉంచాలన్నది ఇంకో చిక్కు. పిల్లల వార్డులో గోడల నిండా బొమ్మలు, పక్క మంచం మీద మూడేళ్ల పసివాడు. పెద్దల వార్డులో చుట్టూ తాతల వయసువాళ్లు. ఇది సౌకర్యానికి సంబంధించిన సంగతి మాత్రమే కాదు. 2000ల తొలి ఏళ్లలో అమెరికాలో, ఫ్రాన్స్‌లో లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ వచ్చిన టీనేజర్ల ఫలితాలను పోల్చి చూశారు. అదే వయసు, అదే జబ్బు. పిల్లల వైద్య పద్ధతిలో మందులు అందినవాళ్లు పెద్దల పద్ధతిలో అందినవాళ్లకంటే ఎక్కువగా కోలుకున్నారు. అంటే ఏ తలుపు తట్టారన్నదాన్ని బట్టి ప్రాణం నిలబడే అవకాశం మారిపోయిందన్నమాట.

ఈ నడిమి వయసుకంటూ ఒక చోటు ఉండాలన్న పట్టుదలతో 1990లో లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో టీనేజర్ల కోసమే ఒక వార్డు తెరిచారు. దాని వెనక ఉన్నది విరాళాలే. ఆ ప్రయత్నమే టీనేజ్ క్యాన్సర్ ట్రస్ట్‌గా ఎదిగింది. 13 నుంచి 24 ఏళ్లవాళ్లకు సేవలందించే ఈ సంస్థ మందులు కొనివ్వడంతో సరిపెట్టుకోలేదు. ఆ పిల్లలకు తమ ఈడువాళ్ల మధ్య ఉండే అవకాశం ఇచ్చింది. గుండు చేయించుకున్నట్టున్న తల ఇంకొకరికీ ఉందని చూడడం ఎంత ఊరటో, అద్దంలో ఒంటరిగా చూసుకున్నవాళ్లకే తెలుస్తుంది.

మందుల ఖర్చు చిన్న విషయమని నేననడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 4 లక్షల మంది పిల్లలు, 19 ఏళ్లలోపు వాళ్లు, క్యాన్సర్ బారిన పడుతున్నారు. సంపన్న దేశాల్లో వారిలో 80 శాతానికి పైగా కోలుకుంటుంటే, చాలా పేద, మధ్యాదాయ దేశాల్లో 30 శాతం కూడా నిలబడడం లేదు. కాబట్టి ముందు మందే అందాలి. మా పిల్ల మూడో సైకిల్ కీమోకు ఒక సంస్థ సాయం చేసింది. ఆ మేలు మరిచేవాళ్లం కాదు.

కానీ చెక్కు ఇవ్వడానికి వచ్చిన రోజు ఫొటో తీశారు. పిల్ల నెత్తిన ఉన్ని టోపీ ఉంది. "ఒక్క నిమిషం టోపీ తీస్తావా అమ్మా? చూసేవాళ్లకు తెలియాలి కదా" అన్నారు. అది మా అక్క మొహంలోకి చూసింది. అక్క తల దించుకుంది. పిల్ల టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. ఆ రాత్రికల్లా ఫొటో దాని క్లాసువాళ్ల ఫోన్లలో ఉంది. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. కీమోలో ఎర్ర మందు, అంటే డాక్సోరూబిసిన్, ఎక్కించినప్పుడు వాంతులు ఓర్చుకున్న పిల్ల ఆ ఒక్క ఫొటోకు కూలిపోయింది.

ఆ ఫొటో తీసినవాళ్లు చెడ్డవాళ్లు కాదు. జాలి కలిగితేనే డబ్బు కదులుతుందని నమ్మినవాళ్లు, అంతే. ఆ నమ్మకంతోనే నా పేచీ. కెనడాలో టెర్రీ ఫాక్స్‌కు 18 ఏళ్ల వయసులో, 1977లో, ఇదే ఎముక క్యాన్సర్‌తో కుడికాలు తీసేశారు. 1980లో కృత్రిమ కాలితో 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తి, క్యాన్సర్ పరిశోధనకు విరాళాలు సేకరించాడు. బ్రిటన్‌లో స్టీఫెన్ సటన్ 15 ఏళ్లకే పేగు క్యాన్సర్ బారిన పడి, 2014లో 19 ఏళ్లకు కన్నుమూసేలోపు టీనేజ్ క్యాన్సర్ ట్రస్ట్ కోసం 30 లక్షల పౌండ్లకు పైగా పోగుచేశాడు. వాళ్లిద్దరూ తమ కథను తామే, తమకు నచ్చినట్టు చెప్పుకున్నారు. ఎవరూ వాళ్ల టోపీ తీయించలేదు.

పిల్లలను అడిగి చేయడం వల్ల వైద్యానికీ లాభమే. లుకేమియా చికిత్సలో చివరి దశ ఏళ్ల తరబడి సాగుతుంది. రోజూ ఇంట్లోనే మాత్ర వేసుకోవాలి. టీనేజర్లు తప్పించేది ఇక్కడే. మాత్రలు కొద్దిగా తప్పినా జబ్బు తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది. కోప్పడితే మాత్ర దిండు కిందికి పోతుంది. హోప్‌ల్యాబ్ అనే లాభాపేక్ష లేని సంస్థ 2006లో 'రీ-మిషన్' అనే వీడియో గేమ్ తెచ్చింది. మందు శరీరంలో ఏం చేస్తుందో ఆడుతూ తెలుసుకునే ఆట అది. 375 మంది యువ రోగులతో చేసిన పరీక్ష ఫలితాలు 2008లో వచ్చాయి. ఆట ఆడినవాళ్లు మందులు మరింత క్రమం తప్పకుండా వాడారు.

మా పిల్లకు అలాంటి సాయం ఒక వలంటీరు రూపంలో దొరికింది. పాతికేళ్ల అమ్మాయి, తనూ ఒకప్పుడు ఇదే వార్డులో పడుకున్నదే. ఏమీ తేలేదు, ఒక నోటుపుస్తకం తప్ప. "డాక్టరు గారిని ఏం అడగాలనుందో రాయి. నీ బదులు నేను అడగను, నువ్వే అడగాలి" అంది. పిల్ల రాసిన మొదటి ప్రశ్న బతుకు గురించి కాదు, చెవుల గురించి. పాటంటే దానికి ప్రాణం. కీమోలో ఇచ్చే సిస్‌ప్లాటిన్ అనే మందు వినికిడిని దెబ్బతీయగలదు, ముందుగా సన్నటి స్వరాలు పోతాయి. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు. మర్నాడు డాక్టరు గారు కుర్చీ దగ్గరికి లాక్కుని, దాని మొహంలోకి చూస్తూ చాలాసేపు మాట్లాడారు. వినికిడి పరీక్షలు ఎప్పుడెప్పుడు చేస్తారో దానికే చెప్పారు.

ఇక చికిత్స ముగిసిన నాటి సంగతి. ఆ రోజుతో చాలామంది దాతల జాబితాలోంచి పేరు పోతుంది. అసలు కష్టాలు కొన్ని అప్పుడే మొదలవుతాయి. ఎర్ర మందు వాడినందుకు గుండె పరీక్షలు ఏళ్ల తరబడి చేయించుకోవాలి. మోకాట్లో లోహపు కీలు పెట్టినందుకు నడక మళ్లీ నేర్చుకోవాలి. పోయిన చదువు సంవత్సరం ఉంది. రేపు పిల్లలు పుడతారా అన్న ప్రశ్న ఉంది. అది కీమోకు ముందే, ఆ పిల్లతోనే, తల్లిదండ్రులు లేని గదిలో ఒకసారైనా మాట్లాడవలసిన విషయం. పిల్లల వైద్యానికి పెట్టిన వయసు దాటగానే పిల్లల డాక్టరు ఫైలు మూసేస్తారు. కొత్త డాక్టరుకు కథంతా మొదటినుంచి చెప్పుకోవాలి.

పోయిన నెల మా పిల్ల ఆ సంస్థకు తనే ఉత్తరం రాసింది, ఫొటో తీసేయమని. వాళ్లు తీసేశారు. తమ అనుమతి పత్రం ఎలా ఉండాలో చెప్పమని కూడా అడిగారు. అది పొద్దంతా కూర్చుని రెండు పేజీలు రాసింది. సంతకం గీత పక్కన తల్లిదండ్రుల పేరు కొట్టేయలేదు, దాని పైన ఇంకో గీత గీసింది, రోగి సంతకానికి.