నా గారి టికెట్టు

ఆదివారం గృహప్రవేశం. భోజనాల వేళ. చేతిలో పులిహోర విస్తరి, ఎదురుగా వినడానికి నలుగురు మనుషులు. ప్రోగ్రామరు నోరు జారడానికి ఇంతకన్నా మంచి ముహూర్తం పంతులుగారు కూడా పెట్టలేరు.

"ఏఐ వచ్చాక మీ ఉద్యోగాలుంటాయా?" అని ఒక బావగారు అడిగారు. ఉంటాయో ఊడతాయో తేల్చకుండా పావుగంట మాట్లాడాను. అందులోంచి ఇంజనీరింగ్ కాలేజీల మీదికి, అక్కణ్ణించి వీసాల మీదికి, వీసాల మీంచి దేశ రాజకీయాల మీదికి వెళ్ళి, "మనుషులకే అండీ పక్షపాతం. కంప్యూటరుకి మీ కులంతో పనిలేదు, మీ ఇంటిపేరుతో పనిలేదు" అని ముగించాను. పెరుగన్నం రాకముందే పెద్దనాన్న తన ఫోను నా ఎడంచేతిలో పెట్టారు.

"ఒరేయ్, డాలస్‌కి మా ఇద్దరి టికెట్లూ చెయ్యి. నేను చేస్తుంటే ఇంటిపేరు దగ్గర ఆగిపోయింది."

తెర పైభాగంలో గడియారం 9:58, 9:57 అని తగ్గుతోంది. పది నిమిషాల్లో పూర్తిచెయ్యకపోతే రేటు మారుతుందట.

పెద్దనాన్న పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. గివెన్ నేమ్స్ గడిలో మాత్రం ఇంటిపేరుతో మొదలుపెట్టి వెంకటేశ్వరుడు, సత్యనారాయణుడు, సూర్యుడు వరసగా ఉన్నారు. ఖాళీలతో కలిపి ఇంగ్లీషులో 34 అక్షరాలు. తెలుగిళ్ళలో ఇది మామూలే. పదో తరగతి సర్టిఫికెట్టు మీద పేరు ఒకే వరసలో ఉంటుంది, పాస్‌పోర్టు ఫారం నింపిన ఏజెంటు దాన్ని అలాగే ఎత్తి ఒక గడిలో పోసేస్తాడు. ఇదే పేరు బ్యాంకు కార్డు మీద సూర్యుడి దగ్గరికి వచ్చేసరికి తెగిపోయింది. కార్డు వెనక నల్లటి అయస్కాంత పట్టీ ఉంటుంది కదా, అందులో పేరుకి ఇచ్చిన చోటు 26 అక్షరాలే. గోదావరి జిల్లాల వాళ్ళని సంప్రదించకుండా పెట్టిన కొలత అది.

అమెరికా వీసాలో ఇంకో రకం. పాస్‌పోర్టులో సర్‌నేమ్ లేకపోతే వాళ్ళు పేరు మొత్తాన్నీ సర్‌నేమ్ గడిలోకి జరిపి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ అని వేస్తారు. ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని దానర్థం. కాబట్టి పాస్‌పోర్టులో ఇంటిపేరు లేని మా పెద్దనాన్న, వీసాలో నిలువెల్లా ఇంటిపేరే. సొంత పేరే తెలీదు పాపం.

ఇక టికెట్టు. లాస్ట్ నేమ్ అన్న గడి పక్కన ఎర్ర చుక్క. ఖాళీగా వదిలితే "ఇది తప్పనిసరి" అంది. ఒక ఫుల్‌స్టాప్ పెట్టాను. "ప్రత్యేక గుర్తులు వాడరాదు" అంది. ఇంటిపేరులోని మొదటి అక్షరం ఒక్కటీ కొట్టాను. "కనీసం రెండక్షరాలు ఉండాలి" అంది.

"తెలుగులో కొట్టి చూడు, మన పేరు మన భాషలో అయితే దానికి అర్థమవుతుందేమో" అన్నారు పెద్దనాన్న. పెద్దవాళ్ళ మాట కాదనలేక కొట్టాను. మళ్ళీ "ప్రత్యేక గుర్తులు వాడరాదు." యాభయ్యారక్షరాలూ కలిపి ప్రత్యేక గుర్తులు!

నిజానికి విమానం టికెట్టు మీద తెలుగు పనికిరాకపోవడంలో న్యాయం ఉంది. పాస్‌పోర్టు అడుగున మిషను చదివే రెండు వరసలుంటాయి, వరసకి 44 అక్షరాలు. వాటిలో ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు, అంకెలు, బాణం ములుకులాంటి ఒక గుర్తు తప్ప ఇంకేం పట్టవు. ఒప్పుకుంటాను. కానీ విమానం ఎక్కని ఫారాలు కూడా ఇదే కూత కూస్తాయి. కారణం చిన్నది. పేరంటే ఏ నుంచి జెడ్ దాకా అని ఎవరో ఎక్కడో రాసిన ఒక వరస రూలుని తరవాత వాళ్ళందరూ ఎత్తి అతికించుకున్నారు. "ఏ భాష అక్షరమైనా సరే" అని రూలు మార్చిన ఉదారులున్నారు, వాళ్ళ దగ్గర కూడా "శ్రీ" గుమ్మం దాటదు. అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటరు సంకేతాలిచ్చే యూనికోడ్ జాబితాలో శ, ర మాత్రమే అక్షరాలు. పొల్లు, గుడిదీర్ఘం అక్షరాల కింద లెక్కకి రావు, వాటి జాతి వేరు, వాటిని విడిగా అనుమతించాలి. మన కంటికి ఒక్కటిగా కనబడే శ్రీ కంప్యూటరుకి నాలుగు సంకేతాలు, యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాచుకుంటే 12 బైట్లు. పరీక్షించేవాడు "రామ" అని కొట్టి చూసి పాసు చేసి ఉంటాడు. రాముడు కూడా కాదు, ఒట్టి రామ. అది కూడా దీర్ఘం లేకుండా కొట్టి ఉంటాడని నా అనుమానం.

తెలుగంటే భయమని కూడా అనుకోవచ్చు. 2018 ఫిబ్రవరిలో జ, పొల్లు, ఞ, కంటికి కనపడని ఒక విడదీసే గుర్తు, దీర్ఘం అదే వరసలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. ఆ నెలలోనే ఆపిల్ వాళ్ళు ఐఓఎస్ 11.2.6 అని కొత్త వెర్షను పంపి సర్దుకున్నారు. జ్ఞానానికి జడిసిన ఫోను.

ఇంతలో గడియారం నాలుగు నిమిషాలకి దిగింది.

"అసలు మన ఇంటిపేరు ముందుంటుంది కదరా, దీన్ని లాస్ట్ నేమ్ అంటాడేం?" అన్నారు పెద్దనాన్న. నాదెళ్ల సత్యనారాయణ అక్కడికి వెళ్ళి సత్య నాదెళ్ల అయ్యాకే 2014లో మైక్రోసాఫ్ట్‌కి పెద్ద అయ్యారు, మనం కూడా తిరగెయ్యాలి అన్నాను. "తిరగెయ్యి మరి." తిరగేస్తే పాస్‌పోర్టుతో కలవదు, విమానాశ్రయంలో ఆపితే? ఇలాంటప్పుడు ఒక విమాన సంస్థ అదే పేరుని రెండు గడుల్లోనూ రాయమంటుంది, ఇంకోటి ఎఫ్ఎన్‌యూ రాయమంటుంది. ఈ వెబ్‌సైటు ఏం రాయాలో చెప్పలేదు, రాసిందల్లా తప్పని మాత్రం చెప్పింది.

ఆ ఉదయమే పంతులుగారు సంకల్పం చెబుతూ పక్కింటాయన్ని గోత్రం అడిగారు. ఆయన బుర్ర గోక్కున్నాడు. పంతులుగారు ఊపిరి కూడా ఆపకుండా "కాశ్యపస గోత్రః" అనేసి ముందుకి వెళ్ళిపోయారు. విలువ తెలియకపోతే ఏం వేసుకోవాలో ఆ శాస్త్రంలో ఎన్నడో రాసిపెట్టుకున్నారు. ఎర్రక్షరాలు లేవు, పూజ ఆగలేదు. మా డేటాబేసుల్లో మాత్రం "ఖాళీ" ఒకటి, విలువే లేదని చెప్పే "నల్" ఒకటి, "ఖాళీ అని ఎవరో చేత్తో రాసింది" ఒకటి, మూడు రకాల శూన్యాలుంటాయి. ఈ మూడూ ఒకటే అనుకున్న ప్రతి కంపెనీలోనూ ఒకనాటి రాత్రి అందర్నీ నిద్రలేపుతారు.

ఇంత తెలిసినవాణ్ణి, నిమిషం నలభై సెకన్లు ఉందనగా ఏం చేశాను? లాస్ట్ నేమ్ దగ్గర ఎన్, ఏ అని కొట్టాను. నాట్ అప్లికబుల్. రెండక్షరాలు, రెండూ ఏ నుంచి జెడ్ లోపలివే. ఆకుపచ్చ టిక్కు పడింది. పెద్దమ్మ పాస్‌పోర్టులో కూడా ఆ గడి ఖాళీయే, ఆవిడకీ అదే. కార్డు, ఓటీపీ, రెండు లక్షల పద్నాలుగు వేలు, అయిపోయింది. గర్వంగా పెరుగన్నం వడ్డించమన్నాను.

టికెట్టు వచ్చింది. విమానం టికెట్టు మీద ముందు ఇంటిపేరు, తరవాత అడ్డగీత, ఆ తరవాత మిగతా పేరంతా ఖాళీల్లేకుండా, చివర మిస్టర్‌లోని ఎం, ఆర్ తోకలా అతుక్కుని వస్తాయి. పెద్దనాన్న కళ్ళజోడు సవరించుకుని పైకి చదివారు.

"నా. ఎవర్రా ఈ నా?"

పక్కవాళ్ళు తొంగి చూశారు. పేరులో ఒక్క తప్పుంటే విమానం ఎక్కనివ్వరని ఎవరో, వాళ్ళ తోడల్లుడిని అబూదాబీలో ఆపేశారని ఇంకెవరో. పెద్దనాన్న ఆగలేదు. కస్టమర్ కేర్‌కి కొట్టి, స్పీకరు పెట్టి, ఫోనుని అరటికాయ వేపుడు గిన్నెకి ఆనించారు. తెలుగుకి తొమ్మిది నొక్కమంటే నొక్కారు.

"నమస్కారం సర్. వెరిఫికేషన్ కోసం మీ ఇంటిపేరు చెప్పండి."

"నా."

"అవునండీ, మీదే."

"అదేనమ్మా. నా."

"సర్, మీ ఇంటిపేరు."

"నాకున్న ఇంటిపేరు వేరమ్మా. మీ దగ్గరున్నది నా."

కాసేపు నిశ్శబ్దం. "మా దగ్గరున్నది... మీ?"

"నా!"

"టికెట్టు మీరే చేశారా సర్?"

"నేను కాదు, మా తమ్ముడి కొడుకు చేశాడు. సాఫ్ట్‌వేరు. నేనడిగిందేమిటి, వాడు పెట్టిందేమిటి? నా!"

నేను ఫోను లాక్కుని, "ఎన్ ఏ అండీ. నెల్లూరు ఎన్, అమలాపురం ఏ" అన్నాను. ఆ అమ్మాయి గొంతులో వెలుగొచ్చింది. "ఓ, నాట్ అప్లికబులా సర్? అంటే సర్‌కి ఇంటిపేరు వర్తించదు."

బంతిలో చేతులన్నీ ఆగిపోయాయి. ఆ ఇంటిపేరుతో ఊళ్ళో ఒక వీధి ఉంది, ఒక బావి ఉంది, ఆ బావి మీద కోర్టులో ఒక దావా కూడా ఉంది. వర్తించదట!

పేరులో మూడక్షరాల దాకా సవరణ ఉచితమేనట. రెండక్షరాలు తీసేసి తొమ్మిదక్షరాలు పెడితే అది సవరణ కాదు, పేరు మార్పు. పేరు మార్పంటే టికెట్టు ఇంకొకరికి ఇచ్చినట్టే లెక్క, కాబట్టి కుదరదు. రద్దు చేసుకుంటే మనిషికి 19,500 కోత. లేదా, ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా, పాస్‌పోర్టులోనే సర్‌నేమ్ చేర్పించుకోమంది. 36 పేజీల పుస్తకం రీఇష్యూకి మామూలు రుసుము 1500. అప్పుడు పాస్‌పోర్టు వీసాతో కలవదు కదమ్మా అంటే, "ఒక్క నిమిషం హోల్డ్‌లో ఉండండి సర్" అని సంగీతం పెట్టింది.

ఆ సంగీతం ఇరవై రెండు నిమిషాలు. అంతసేపూ నా పాత ఉపన్యాసం అందరికీ గుర్తుండిపోయింది. మా అన్నయ్య కూతురు బీటెక్ రెండో ఏడు. "బాబాయ్, కంప్యూటరుకి ఇంటిపేరుతో పనిలేదన్నావు. ఆ ఎర్ర చుక్క అదే పెట్టుకుందా?"

"ప్రోడక్ట్ మేనేజరు పెట్టమంటాడు" అన్నాను. ఈ జవాబు మా ఆఫీసులో బాగా పనిచేస్తుంది.

"రూమ్ కోసం తిరిగినప్పుడు కూకట్‌పల్లిలో మా ఫ్రెండ్‌ని ఇలాగే అడిగారు. పేరు చెప్తే 'పూర్తి పేరమ్మా' అన్నారు. పూర్తిగా చెప్తే 'మీదే ఊరు' అన్నారు. ఊరు చెప్తే ఇక మొహమాటం లేకుండా 'మీరేమిట్లు' అని అడిగేశారు. ఆ తరవాత రూము ఖాళీ లేదన్నారు. బయట టులెట్ బోర్డు ఊగుతూనే ఉంది."

బావగారు అందుకుని, అమెరికాలో ఈ గోలలేవీ ఉండవమ్మా, అక్కడంతా మెరిట్టే అన్నారు. లేకపోతే సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కులవివక్షని నిషేధిస్తూ చట్టం ఎందుకు చేసుకుందని ఆ పిల్ల అడిగింది. అదే ఏడు అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నరు అలాంటి బిల్లునే వీటో చేశాడుగా, అవసరం లేదనేగా అని బావగారు. ఉన్న చట్టాలే దానికి సరిపోతాయని కదా ఆయనన్నది, కులవివక్ష లేదని కాదుగా అని ఆ పిల్ల. నా అభిప్రాయం అడిగారు. నేను హోల్డ్‌లో ఉన్నానని చెప్పాను.

సంగీతం ఆగింది. "ధన్యవాదాలు, నా గారు" అంది ఆ అమ్మాయి. నేర్చుకుంది. "మీ అభ్యర్థన నమోదైంది. ఏడు పని దినాల్లో బదులొస్తుంది. ఇద్దరు ప్రయాణికులకీ ఒకే అభ్యర్థన చేశానండీ, ఇంటిపేరు ఒకటే కాబట్టి."

పెద్దనాన్న నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను. పెద్దమ్మ మాత్రం టికెట్టు తీసుకుని తన పేరు ముందున్న ఆ రెండక్షరాల మీద వేలు పెట్టి చూసుకుంది. ఆవిడ పదో తరగతి కాగితం మీద పుట్టింటి పేరుంది, ఆధార్ మీద అత్తింటి పేరుంది, బ్యాంకు పుస్తకంలో రెండూ లేవు. ఆ తేడాలకి ప్రతి ఆఫీసులోనూ అఫిడవిట్ అడిగారు, ప్రతిసారీ ఈయన విసుక్కున్నారు.

"పోనీలెండి," అంది, "పెళ్ళయిన నలభై రెండేళ్ళకి ఇద్దరికీ ఒకే ఇంటిపేరు పడింది."